రజిత ఎక్కిన సగం రైలు

యూరప్ ఫోటోలన్నీ చూసిండ్రు గదా, నా స్టేటస్‌ల? బుడాపెస్ట్ బ్రిడ్జి, వియన్నా రాజభవనం, ప్రాగ్ గడియారం. అన్నింటికాడ నేను చేతులు కట్టుకొని, ఆ ఊరు నేనే కట్టించినట్టు నిలబడ్డ. అందరూ లైకులు కొట్టిండ్రు. మా మల్లేశన్న ఒక్కడే పట్టిండు. "తమ్మీ, అన్ని రోజులవి ఉన్నయ్, తొమ్మిదో రోజు ఫోటో ఒక్కటి గూడ లేదేంది?" అని.

సరే, చాయ్ పోయ్ అన్నా, చెప్త. కానీ ఈ ముచ్చట మస్కట్‌ల మన అల్ హైల్ దాటొద్దు. ఆ రోజు నేను నా పెండ్లాన్ని పోగొట్టుకున్న. ఒక్క ఆమెను కాదు, సగం రైలుతో సహా పోగొట్టుకున్న.

అప్పుడే నవ్వకుండ్రి. ఇంకా మొదలే పెట్టలే!

నా డ్యూటీ ఏందో మీకు ఎరికే. అల్ ఖువైర్‌ల ఆఫీసు, ప్లానింగ్ ఇంజినీర్ అని బల్ల మీద పేరు. ఏ సైట్ల ఏ రోజు ఏ పిల్లర్ లేవాలె, కాంక్రీట్ బండి ఎన్ని గంటలకు రావాలె, అన్నీ నేను గీసిన చార్ట్ ప్రకారమే నడుస్తయ్. నడవయ్ అనుకో. కానీ చార్ట్ అయితే గోడకు ఉంటది. అసొంటి నన్ను పట్టుకొని మా రజిత ఏమన్నది?

"ట్రావెల్సోళ్ల ప్యాకేజీల పోదామయ్యా. బస్సు ఎక్కుమంటే ఎక్కుతం, దిగుమంటే దిగుతం. పానం నిమ్మళం."

నాకు మండింది. "ప్యాకేజీ అంటే గొర్లమంద లెక్క. జెండా పట్టుకొని ఒకడు ముందు నడుస్తడు, మనం వెనుక నడవాలె. ప్లానింగ్ ఇంజినీర్ పెండ్లానివి, నీకు ప్యాకేజీ ఎందుకే? సగం ఖర్చుల అయిదు ఊర్లు చూపిస్త, చూడు."

నెల రోజులు ఆఫీసు టైంలనే కూసొని ఎక్సెల్ షీట్ తయారు చేసిన. ఆకుపచ్చ గడి అంటే రైలు. నీలం గడి అంటే బస్సు. పసుపు గడి అంటే నడక. ఏ సందుల నల్లా నీళ్లు తాగొచ్చు, ఏ మ్యూజియంల బాత్రూం ఊరికే పోవచ్చు, అన్నీ రాసిన. సేఫ్టీ జాగ్రత్తలకు వేరే కాలమ్. ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి రజిత చేతుల పెట్టిన. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ప్రాగ్‌ల అయితే వేడి గిన్నె కింద పెట్టింది.

మాట వచ్చింది గదా, ప్రాగ్ రూమ్ అయిదో అంతస్తు. లిఫ్టు లేదు. "లిఫ్టు లేదు" అని వాళ్లు వెబ్‌సైట్ల రాసిండ్రు, నేనే చదవలే. నాలుగో అంతస్తుల రజిత బ్యాగు మీద కూసొని, "ఇది ఏ రంగు గడి అయ్యా?" అని అడిగింది. నేను గోడకు ఆనుకున్న. ఆయాసం.

ఇగ సేఫ్టీ సంగతి. మా ఆఫీసుల ఒకాయన జేబు కొట్టేసిండ్రట ఎక్కడనో, అది విన్నకాన్నుంచి నాకు భయం. అందుకని పాస్‌పోర్టులు రెండూ నా నడుముకే, బెల్టు సంచిల. కార్డులు, నోట్లు అండ్లనే. యూరప్ సిమ్ము ఒక్కటే కొన్న, అది నా ఫోన్లనే. "ఇద్దరికి రెండు ఎందుకే? పక్కపక్కనే ఉంటం గదా, నా హాట్‌స్పాట్ వాడుకో" అన్న. పులిహోర డబ్బ, నీళ్ల సీసా, లామినేషన్ షీటు మాత్రం ఆమె సంచిల ఉంటయ్.

గట్ల తొమ్మిదో రోజుకు మ్యూనిక్ చేరినం. అక్కడికి గంట దూరంల టెగెర్న్‌జే అని పెద్ద చెరువు, చుట్టూ గుట్టలు, మస్తుంటది. ఒక్క టికెట్ మీద అయిదుగురి దాంక ఎక్కొచ్చు, టికెట్ మీద పేర్లు రాసుకుంటే చాలు. మేము ఇద్దరమే అయినా అదే చౌక పడ్డది. ఆ టికెట్ గూడ నా ఫోన్లనే.

పొద్దుగాల స్టేషన్‌కు పోతే ఇంత పొడుగు రైలు. ముందటి రోజు నా పసుపు గడులు జర ఎక్కువైనయ్, రజిత కాళ్లు వాచినయ్. ఆమె కనపడ్డ మొదటి డబ్బల, అంటే వెనుక డబ్బల, ఎక్కి కూసున్నది.

"ఇక్కడ కాదే. ముందు డబ్బ, ఎడమ కిటికీ. షీట్ల రాసి ఉంది. ముందు దిగితే గేటు దగ్గర. ఆరు నిమిషాలు కలిసొస్తయ్."

"ఆ ఆరు నిమిషాలతోని ఏం చేస్తవయ్యా?"

జవాబు లేదు నా దగ్గర. జవాబు లేనప్పుడు మొగోడు ఏం చేస్తడు? గొంతు పెంచుతడు. నేనూ పెంచిన. రైల్ల ఉన్నోళ్లందరూ మా దిక్కే చూస్తున్నరు. రజిత చెప్పులు ఇడిసి, కాళ్లు ముందు సీటు కిందికి చాపి, "నువ్వు పోయి నీ ఎడమ కిటికీల కూసో. నేనైతే లేవ" అన్నది.

"మంచిది! రైలు ఒకటే గదా, ఎటు పోతది!" అని దిగి, ప్లాట్‌ఫామ్ మీద ఉరుక్కుంట పోయి ముందు డబ్బ ఎక్కిన.

ఎటు పోతదో నాకేం తెల్సు?

ఎడమ కిటికీ దొరికింది. బయట పచ్చటి గడ్డి, ఎర్ర పెంకుల ఇండ్లు. మస్కట్‌ల ఎండలకు కండ్లు మండి మండి ఉన్నయ్ గదా, నాకైతే స్వర్గం లెక్క ఉన్నది. రజిత వచ్చి ఉంటే చూసేది, దాని ఖర్మ, అనుకున్న. అరగంటకు ఒక జంక్షన్ వచ్చింది. రైలు ఆగింది. మైకుల జర్మన్ భాషల ఏందో చెప్తున్నరు. చెప్పుడు అయితలేదు. కొంతమంది నా డబ్బల నుంచి లేచి, బ్యాగులు పట్టుకొని, కిందికి దిగి వెనుక డబ్బల దిక్కు ఉరుకుతున్నరు. నేను కాలు మీద కాలేసుకొని నవ్వుకున్న. ఈ జర్మనోళ్లకు ఎంత ప్లానింగ్ అంటరు, ఏ డబ్బ ఎక్కాలెనో గూడ ఎరుక లేదు వీళ్లకు అని.

రైలు కదిలింది. పది నిమిషాలకు పట్టాలు గుట్ట చుట్టూ మలుపు తిరుగుతున్నయ్. మలుపుల పొడుగు రైలు పాము లెక్క వంకర తిరిగి కనిపిస్తది గదా, ఆ వీడియో తీసి స్టేటస్ పెడదామని ఫోన్ తీసి, చెంప అద్దానికి ఆనించి వెనుకకు చూసిన.

రెండు డబ్బలు కనపడ్డయ్. ఆ వెనుక పట్టాలు. ఆ వెనుక గడ్డి.

అంతే!

అన్నా, ఊడిపోయినయ్! లింకు తెగి వెనుక డబ్బలన్నీ ఊడిపోయినయ్! రజిత ఎక్కడ పడి ఉన్నదో! లేచి నిలబడి ఒర్రిన. "ట్రైన్ బ్రోకెన్! హాఫ్ ట్రైన్ గాన్! మై వైఫ్ బ్యాక్ సైడ్!"

ఎదురుంగ ఒకాయన కుక్కను కాళ్లకాడ పండవెట్టుకొని పేపర్ చదువుతున్నడు. పేపర్ కిందికి దించి నా దిక్కు చూసిండు. "యెస్," అన్నడు. "నార్మల్."

నార్మలంట! సగం రైలు పోతే నార్మలంట! వీడితోని అయ్యేది కాదని తలుపు పక్కన రైలు ఆపే ఎర్ర హ్యాండిల్ మీద చెయ్యి వేసిన. వెనుక నుంచి ఠప్పున పడ్డది దెబ్బ, మణికట్టు మీద. తిరిగి చూస్తే ఒక ముసలమ్మ, చేతిల కట్టె. "నైన్!" అన్నది. తొమ్మిదేంది అనుకున్న. తర్వాత తెలిసింది, వాళ్ల భాషల వద్దు అని.

అప్పుడు ఆ కుక్కాయన, చిన్న పిల్లగానికి చెప్పినట్టు, మెల్లగ ఇంగ్లీష్‌ల చెప్పిండు. ఈ రైలు జంక్షన్ దాంక ఒకటే. అక్కడ రెండు చేస్తరు. ముందు సగం గుట్టల దిక్కు పోతది. వెనుక సగం చెరువు దిక్కు పోతది. రోజూ గట్లనే. డబ్బ మీద రాసి ఉంటది, ప్లాట్‌ఫామ్ బోర్డు మీద ఉంటది, మైకుల చెప్తరు.

"ఇంగ్లీష్‌ల గూడ చెప్తరా?" అని అడిగిన.

"ఇంగ్లీష్‌ల గూడ చెప్పిండ్రు," అన్నడు.

సీట్ల కూలబడ్డ. అంటే ఏమాయె? కాళ్లు వాచి, షీటు పక్కకు పెట్టి, కనపడ్డ డబ్బల కూసున్న మనిషి సరైన డబ్బల ఉన్నది. నేను తప్పు డబ్బల ఉన్న. అది గూడ పెద్ద సంగతి కాదు. నడుముకున్న సంచి చేతికి తగిలింది చూడు, అప్పుడు చెమటలు పట్టినయ్. ఆమె పాస్‌పోర్టు నా దగ్గర. పైసలు నా దగ్గర. టికెట్ నా దగ్గర. సిమ్ము నా దగ్గర. టికెట్ చూసేటోడు వస్తే ఆమె ఏం చూపిస్తది, పులిహోర చూపిస్తదా? పోలీసులకు ఇస్తరా? ఏ భాషల చెప్పుకుంటది? మస్కట్‌ల గూడ రజిత ఒక్కతే ఎటూ పోదు. అల్ హైల్‌ల లేడీస్ టైలరింగ్ షాపుల పని, ఆడికెల్లి ఇల్లు, అంతే. నిజంగ చెప్తున్న, ఏడుపొచ్చింది. ఆరు నిమిషాల కోసం ఇడిసిపెట్టి వచ్చిన గదా అని.

తర్వాతి స్టేషన్ల దిగిన. స్టేషన్ అంటే ఒక బెంచీ, ఒక టికెట్ మిషన్, ఒక కంచె. కంచె అవతల ఆవులు, మెడల గంటలు. మనిషి లేడు. వెనుకకు పోయే రైలు ఇంకా యాభై నిమిషాలకు ఉన్నది. రజితకు వాట్సాప్ కొడితే ఒక్క టిక్కే. నా హాట్‌స్పాట్ లేనిది రెండో టిక్ ఎక్కడికెల్లి వస్తది?

ఫోన్ల చార్జింగ్ పన్నెండు శాతం. అప్పుడే వాట్సాప్‌ల ఒక కాల్ వచ్చింది. జర్మనీ నంబర్. తెల్వని నంబర్ ఎత్తొద్దని సేఫ్టీ కాలమ్‌ల మూడో పాయింట్. కట్ చేసిన. మళ్ల వచ్చింది. కట్ చేసిన. మూడోసారి గూడ వచ్చింది. నా పెండ్లాం పోయి నేను ఏడుస్తుంటే ఈ మోసగాళ్ల లొల్లి ఏందని బ్లాక్ చేసి పారేసిన.

నాలుగో కాల్ మా అత్తమ్మది. జగిత్యాల నుంచి. అదీ వీడియో కాల్. ఎత్తకపోతే ఇంకా భయపడ్తదని ఎత్తిన.

"ఏం బిడ్డా, రజిత ఫోన్ కలుస్తలేదు. ఒకసారి ఇయ్యరాదు."

"బాత్రూంల ఉన్నది అత్తమ్మా."

"మరి నీ వెనుక ఆవులేంది?"

తిరిగి చూసిన. ఒకటి కంచె మీదికెల్లి మూతి పెట్టి ఫోన్ల చూస్తున్నది.

"హోటల్ అత్తమ్మా. ఇక్కడ హోటళ్లు గిట్లనే ఉంటయ్. నేచర్."

"ఆవుల కొట్టంల ఉంచినవా నా బిడ్డను? పైసలకు చూసుకొని?"

"లేదు అత్తమ్మా, ఇది..."

"పిలువు దాన్ని. బాత్రూం కాడ నుంచే మాట్లాడమను."

నేను ఆవును చూసిన, ఆవు నన్ను చూసింది. "రజితా!" అని గుట్టల దిక్కు తిరిగి ఒకసారి పిలిచిన, అత్తమ్మ వినాలెనని. గుట్టలే జవాబిచ్చినయ్. ఆ వీడియో కాల్ ఉన్న చార్జింగంతా తాగింది. స్క్రీన్ నల్లగైంది. జీవితంల ఫోన్ చచ్చిపోయినందుకు దేవునికి దండం పెట్టింది అదొక్కసారే.

దండం పెట్టినంక గుర్తొచ్చింది, టికెట్ గూడ ఫోన్లనే చచ్చింది. రజిత టికెట్ లేకుండ పోతున్నదని ఏడ్చిన గదా, ఇప్పుడు నేనూ అదే. జంక్షన్‌కు, జంక్షన్ నుంచి చెరువుకు, రెండు రైళ్లు టికెట్ లేకుండ, తలుపు కాడ నిలబడి, టోపీ పెట్టుకున్న ప్రతి మనిషిని చూసి వణుక్కుంట పోయిన. ఎవ్వరూ అడగలే.

టెగెర్న్‌జే స్టేషన్ల దిగే వరకు రెండు గంటలు దాటింది. ప్లాట్‌ఫామ్ మీద రజిత లేదు. బెంచీ మీద లేదు. బయట లేదు. పోలీసులు ఎక్కడుంటరని అడుగుదామని బోర్డు కాడికి పోయిన. ఆడ ఏందో మెరుస్తున్నది. నా లామినేషన్ షీటు! జడ క్లిప్పుతోని బోర్డుకు పెట్టి ఉన్నది, తిరగేసి. వెనుక తెల్ల దిక్కు పెన్నుతోని తెలుగుల పెద్ద పెద్ద అక్షరాలు:

"చెరువుకాడ ఉన్న. ఉరకకు."

ఉరికిన. నెల రోజులు కష్టపడి చేసిన షీటు, మొత్తం ట్రిప్పుల పనికొచ్చింది ఆ ఒక్కసారే. అదీ వెనుక దిక్కు.

చెరువు ఒడ్డున గడ్డి మీద దుప్పటి పరిచి ఉన్నది. మధ్యల రజిత, రాణి లెక్క, కాళ్లు నీళ్ల గిన్నెల పెట్టుకొని కూసున్నది. వాచిన కాళ్లకు వేడి నీళ్లు, ఉప్పు! పక్కన తలకు గుడ్డ కట్టుకున్న ఒక పెద్దమ్మ, ఆమె బిడ్డ, కోడలు. ద్రాక్షాకులల్ల అన్నం చుట్టి చేసిన వంట ఒక దిక్కు, మన పులిహోర ఒక దిక్కు. పులిహోర డబ్బ అడుగు కనపడుతున్నది. నలుగురు ఆడోళ్లు పొట్టలు పట్టుకొని నవ్వుతున్నరు. దేని గురించి నవ్వుతున్నరో, నన్ను చూడంగనే వాళ్లు ఇంకా గట్టిగ నవ్వినప్పుడు నాకు అర్థమైంది.

"రజితా! మంచిగున్నవా? ఎవలన్న ఏమన్న అన్నరా? పోలీసులు..."

"కూసో. ముందు నీళ్లు తాగు," అన్నది.

ముచ్చట ఏందంటే, జంక్షన్ల మైకుల చెప్పినప్పుడు ఆ పెద్దమ్మ రజితను చూసి అరబ్బీల అడిగిందట, ఒక్కదానివే ఉన్నవా బిడ్డా అని. ఆమె ఇరాక్‌ల బస్రా మనిషి, పెద్ద బిడ్డ పేరు మరియం, అందుకని అందరూ ఉమ్ మరియం, అంటే మరియం తల్లి, అంటరు. మ్యూనిక్‌ల కొడుకు కాడ ఉంటది, కోడలిని తీసుకొని ఈ ఊర్ల ఉన్న బిడ్డ ఇంటికి వస్తున్నది. మా రజిత ఎనిమిదేండ్ల నుంచి ఒమానీ ఆడోళ్లకు కొలతలు తీస్తది. కొలతలు తీసుకుంట తీసుకుంట వాళ్ల అత్తల మీద, మొగుళ్ల మీద ముచ్చట్లన్నీ వినుడే గదా! అరబ్బీ గడగడ వచ్చు. నేనే దాన్ని "సూది అరబ్బీ" అని ఎక్కిరిచ్చేది. నా ఇంగ్లీష్‌కు ఆ రోజు దొరికింది కట్టె దెబ్బ. ఆమె సూది అరబ్బీకి దొరికింది విందు భోజనం.

"నీ డబ్బలు పోతుంటే కిటికీలకెల్లి చూసిన," అన్నది రజిత. "చెయ్యి గూడ ఊపిన."

"టికెట్ చూసేటోడు రాలేదా?"

"వచ్చిండు. వీళ్ల దగ్గర అయిదుగురి టికెటే. ఇద్దరే ఉన్నరని నా పేరు గూడ ముందే రాసుకున్నరు."

"మరి నాకు ఫోన్ చేయొద్దానే? నేను సచ్చిపోయిన ఇక్కడ!"

రజిత నా మొఖంలకు చూసింది. "ఉమ్ మరియం ఫోన్ నుంచి మూడుసార్లు చేసిన. మూడుసార్లు కట్ చేసినవ్. నాలుగోసారి పోనే పోలే."

నేను చెరువు దిక్కు చూసిన. చెరువు మంచిగున్నది.

అప్పుడు ఉమ్ మరియం నా దిక్కు తిరిగింది. నడుము మీద చేతులు పెట్టుకొని అరబ్బీల అందుకున్నది. ఒక్క ఆడమనిషిని, పరాయి దేశంల, చేతిల ఏమీ లేకుండ ఇడిసిపెట్టి పోతవా అని, నాకు అర్థమైన కాడికి. నాకు వచ్చింది సైటు అరబ్బీ. యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది, బుక్రా అంటే రేపు, ఇగ మాఫీ ముష్కిల్. ఆ నాలుగు మాటలతోని పదకొండేండ్లు ఒమాన్‌ల ఎల్లదీసిన. నిమ్మళపరుద్దామని అండ్లకెల్లి ఒకటి తీసిన.

"మాఫీ ముష్కిల్," అన్న. ఏం పర్వాలేదు అని.

ఆమె కండ్లు పెద్దగైనయ్. వేలు నా ముక్కు కాడికి తెచ్చి, "ఇంత ముష్కిల్!" అన్నది.

అరబ్బీల 'ఇంత' అంటే నువ్వు. ముష్కిల్ అంటే సమస్య. సమస్యవే నువ్వు అన్నదామె. తెలుగుల విన్నా తప్పు లేదు, వేలు అంత దగ్గరికొచ్చింది. రజిత నవ్వు ఆపుకోలేక గిన్నెల నీళ్లన్నీ ఒలకపోసింది.

తిట్టినంక ప్లేటు నిండ అన్నం పెట్టింది ఆ తల్లి. నేను వంచిన తల ఎత్తకుండ తిన్న. తిరుగు రైల్ల అందరం ఒకే డబ్బ. నా ఫోన్ ఇంకా లేవలే, టికెట్ లేదు. ఉమ్ మరియం టికెట్ మీద ఇంకా ఖాళీ ఉండె, పెన్ను తీసి అడుగున నా పేరు గూడ రాసింది. రజిత పక్కన కూసొని, నా నడుము సంచి పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నది, సంతల మేకను పట్టుకున్నట్టు. మధ్యల, తన పాస్‌పోర్టు తను తీసుకొని సంచిల వేసుకున్నది.

మిగిలిన రెండు రోజులు షీటు లేదు, గడులు లేవు. రజిత ఎవరినో ఒకరిని అడుగుతది, వాళ్లు చూపిస్తరు, మేము పోతం. చెప్పుకునేటందుకు సిగ్గయితది గని, ఆ రెండు రోజులే మంచిగ తిరిగినం. ఫోటోలు చూడుండ్రి కావాలంటే, ఆ రెండు రోజులవాటిల నేను చేతులు కట్టుకోలే. ఆమె బ్యాగులు పట్టుకొని ఉన్న.

ఇగ ఇప్పటి సంగతి విను అన్నా. వచ్చే ఏడు టర్కీ పోవాలని రజిత వాళ్ల షాపుల మాట నడుస్తున్నది. ప్యాకేజీ లేదు, అంతా సొంతంగనే. షాపు ఓనరమ్మ, కటింగ్ చేసే కడప అక్క, రజిత, ముగ్గురు కన్ఫర్మ్. మొన్న మెల్లగ వంటింట్లకు పోయి అడిగిన, మరి నేను? అని.

పిండి పిసుక్కుంట, తల ఎత్తకుండ చెప్పింది. "చూస్తం. ప్రస్తుతానికి నువ్వు వెయిటింగ్ లిస్టు."